ఇంటి ముందు పది అడుగుల నేల: గోంగూర మడా, తురాయి చెట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విశాఖలో మధురవాడ వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. తూర్పు ముఖం, రెండంతస్తులు. ప్రహరీకీ ఇంటికీ మధ్య ముందు వైపు పది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు మట్టి నేల మిగిలింది. అందులో గోంగూర, ఇంకొన్ని ఆకుకూరలు వేసుకుందామని మీ అత్తగారు అంటున్నారు. మీ వారికి చిన్నప్పటి నుంచి తురాయి చెట్టంటే ప్రాణం, గేటు పక్కన ఒకటి నాటుదామంటున్నారు. నర్సరీకి వెళ్తే అక్కడ కోనోకార్పస్, ఏడాకుల పాల కూడా చూపించారు. రెండూ కలిపి పెట్టుకోవచ్చా, ఒకటే అయితే ఏది, ఈ మే నెలలోనే మొదలుపెట్టాలా అని అడిగారు. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయని కూడా రాశారు.

సూటిగా చెప్తాను: ఆ నేలలో గోంగూర వేసుకోండి. తురాయి అక్కడ వద్దు. రెండూ కలిపి అసలే వద్దు, రెండూ పాడవుతాయి. మీ వారికి ఆ ఎర్రటి పూల మీదే మనసుంటే గేటు పక్కన రత్నగంధి పెట్టండి. అచ్చం తురాయి పూలలాంటి పూలే పూస్తుంది, ఎనిమిది పదడుగులు దాటదు, కత్తిరిస్తే మాట వింటుంది. కోనోకార్పస్, ఏడాకుల పాల ఎవరు ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకండి.

మాది కడియం దగ్గర నర్సరీ. పూల చెట్లు పెంచి అమ్మడం మా జీవనం, ఆకుకూరలు మా పెరట్లో ఏడాది పొడుగునా ఉంటాయి. కాబట్టి చెట్ల మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. తురాయి నేను ఎంతో ఇష్టపడే చెట్టు. అందుకే దాన్ని పది అడుగుల సందులో ఇరికించడం నాకు బాధగా ఉంటుంది.

ముందు తురాయి సంగతి. మడగాస్కర్ దాని పుట్టినిల్లు. మన ఎండలకు బాగా అలవాటు పడింది, వానలు తక్కువైనా బతుకుతుంది, ఏప్రిల్ చివర్లో ఆకులన్నీ రాలిపోయిన కొమ్మల మీద ఎర్రగా విరగబూస్తుంది. నర్సరీలో రెండడుగుల మొక్కను చూసినవాళ్లు దాని పెద్ద రూపాన్ని ఊహించరు. పెరిగాక ముప్పై నలభై అడుగుల ఎత్తు పోతుంది. అసలు సమస్య ఎత్తు కాదు, వెడల్పు. దాని గొడుగు ఎత్తు కంటే ఎక్కువగా పక్కలకు పరుచుకుంటుంది. మీ పది అడుగుల నేల మీద నిలబడి అది ఒక పక్క మీ బాల్కనీలోకి, ఇంకో పక్క రోడ్డు మీది కరెంటు తీగల్లోకి కొమ్మలు చాస్తుంది. అప్పుడు కరెంటు వాళ్లు వచ్చి తీగల వైపు కొమ్మలన్నీ నరికేస్తారు. ఒక వైపే బరువు మిగిలిన చెట్టు గాలికి ఎటు పడుతుందో చెప్పనక్కర్లేదు.

వేళ్ల సంగతి ఇంకా ముఖ్యం. తురాయి వేళ్లు లోతుకు పోయే రకం కాదు. పై మట్టిలోనే దూరం దూరం పాకుతాయి, వయసు పెరిగేకొద్దీ లావెక్కి నేల మీదికి తేలతాయి. రాజమండ్రిలో మా దగ్గర మొక్కలు కొనే ఒక కుటుంబం ఇంట్లో, వాళ్ల నాన్నగారి కాలంలో గేటు పక్కన పెట్టిన తురాయి ఉండేది. దాని వేళ్లు ముందు పార్కింగ్ టైల్స్ లేపాయి, తర్వాత ప్రహరీ పునాది పగిలింది. చివరికి సంపు గోడలో నెర్రె ఇచ్చిన చోట నుంచి సన్న వేళ్లు లోపలికి వచ్చి తాగే నీళ్లలో కుచ్చుల్లా వేలాడాయి. చెట్టు కొట్టించడానికి అయిన ఖర్చు కంటే సంపు మళ్లీ కట్టించడానికి ఎక్కువైంది. ఇళ్లకు దగ్గరగా నాటిన తురాయి గురించి ఇలాంటి ఫోన్లు మాకు తరచుగా వస్తాయి. నా లెక్కలో గోడకూ తురాయి మొదలుకూ మధ్య కనీసం ఇరవై అయిదు అడుగులు ఉండాలి. సెప్టిక్ ట్యాంకు, సంపు ఉంటే ఇంకా దూరం.

కొందరు సిమెంటు రింగు దించి అందులో నాటితే వేళ్లు ఆగుతాయంటారు. ఆగవు. రింగు కింద నుంచి పోయి అవతల మళ్లీ పైకి వస్తాయి. పైగా చిన్నప్పుడు రింగులోనే చుట్టలు చుట్టుకున్న వేళ్లు చెట్టుకు పట్టు ఇవ్వవు, పెద్ద గాలి వస్తే మొదలంటా లేచిపోతుంది. డ్రమ్ములో పెంచితే బతుకుతుంది కానీ పూత మీద ఆశ పెట్టుకోకండి.

మీరు విశాఖ వాళ్లు కాబట్టి గాలి గురించి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఊరి చెట్లు ఎలా నేలకొరిగాయో మీ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. తురాయి కర్ర పెళుసు. తుఫాను దాకా అక్కర్లేదు, మే నెల ఈదురుగాలికే లావు కొమ్మలు విరిగిపడతాయి. కింద కారు ఉండొచ్చు, పిల్లలు ఉండొచ్చు. తీరం ఊళ్లలో ఇంటికి ఆనించి పెళుసు చెట్టు పెట్టకూడదని మా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తాను.

ఇంకో మాట. గోంగూర నచ్చకపోతే రేపు పీకేయొచ్చు, చెట్టు అలా కాదు. లావెక్కాక కొట్టాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం, 2002) కింద అనుమతి అడగాల్సి వస్తుంది, క్రేన్ పెట్టి ముక్కలు ముక్కలుగా దించాలి, పక్కింటి వాళ్లతో మాట పడాలి. కాబట్టి చెట్టు నాటేటప్పుడు పాతికేళ్ల తర్వాత దాని చుట్టూ ఏముంటుందో చూసుకుని నాటాలి.

ఆ మిగతా రెండు చెట్ల గురించి కూడా అడిగారు. ఏడాకుల పాల హుద్‌హుద్ తర్వాత మీ ఊళ్లోనే రోడ్ల పక్కన విపరీతంగా నాటారు. త్వరగా పెరుగుతుంది, పశువులు తినవు, పచ్చగా గుండ్రంగా ఉంటుంది, అందుకని. దసరా దాటి చలి మొదలయ్యే రోజుల్లో పూత వస్తుంది. ఆ వాసన కొందరికి సువాసనే కానీ, చెట్లు గుంపుగా ఉన్న వీధుల్లో రాత్రిపూట తల దిమ్మెక్కుతోంది, ఆయాసం వస్తోందని మీ ఊరి వాళ్లే ఫిర్యాదులు చేశారు. కోనోకార్పస్ అయితే తెలంగాణలో ప్రభుత్వం మొక్కలు నాటించే హరితహారంలో నాటడం ఆపేశారు, గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. చలికాలం పుప్పొడితో దగ్గు, జలుబు, ఉబ్బసం పెరుగుతాయనీ, వేళ్లు డ్రైనేజీ పైపుల్లోకి, భూమిలోని కేబుళ్లలోకి వెళ్తాయనీ అభ్యంతరాలు. ఇన్ని మాటలు వచ్చాక కూడా దాన్ని అమ్మేవాళ్లు ఉన్నారంటే, నీళ్లు పోసినా పోయకపోయినా పెరిగి త్వరగా డబ్బులిచ్చే మొక్క కావడమే కారణం. మా నర్సరీలో ఆ మొక్క పెంచడం మానేశాం.

రెండూ కలిపి ఎందుకు కుదరదంటే. గోంగూరకు రోజుకు కనీసం అయిదారు గంటల నేరుగా పడే ఎండ కావాలి. మీ నేల ఇంటికి తూర్పున ఉంది, మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ పడిపోతుంది. అంటే మీకు దక్కేది పొద్దుటి ఎండ మాత్రమే. ఆ ఉన్న కాస్త ఎండనూ చెట్టు మింగేస్తే గోంగూర సన్నగా సాగిపోయి, ఆకు పలచబడి, పులుపు తగ్గిపోతుంది. తురాయి ఆకు సన్నది కదా, నీడ పలచనే కదా అని మీ వారు అంటున్నారని రాశారు. పలచనే. కానీ నీడ ఒక్కటే కాదు, పై అడుగు మట్టిలో వేళ్లు కూడా ఉంటాయి. గోంగూర తినేదీ ఆ అడుగు మట్టిలోనే. మీరు మడికి పోసిన నీళ్లు, ఎరువు ముందుగా చెట్టు వేళ్లకే అందుతాయి. పెద్ద తురాయి కింద గడ్డి కూడా పలచగా ఉండడం మీరు చూసే ఉంటారు.

తురాయి చిక్కుడు కుటుంబపు చెట్టు, నేలకు నత్రజని ఇస్తుంది అనే మాట యూట్యూబులో తిరుగుతోంది. ఆ కుటుంబంలో అన్నీ ఒకటి కాదు. పెసర, మినుము, జనుము వేళ్లకు బొడిపెలు వస్తాయి, వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. తురాయి వేళ్లకు ఆ బొడిపెలు రావు. నేలకు మేలు చేయాలనుకుంటే మడి ఖాళీగా ఉన్నప్పుడు గుప్పెడు జనుము గింజలు చల్లి, పూతకు ముందు మట్టిలో కలిపేయండి.

ఇంకో చిన్న చికాకు కూడా ఉంది. తురాయి ఆకులు రాలే రోజుల్లో ఆ సన్నటి రవ్వలాంటి ఆకులు గోంగూర చిగుళ్ల మధ్య పడతాయి. కూర కోసుకున్నాక వాటిని ఒక్కొక్కటిగా ఏరాలి. ఆ పని ఎవరి మీద పడుతుందో మీ ఇంట్లో అందరికీ తెలుసు.

చెట్టు ఏ దిక్కున ఉంటే నీడ ఎటు పడుతుందన్నది కూడా లెక్క వేసుకోండి, ఇది ఏ ఇంటికైనా పనికొస్తుంది. విశాఖలో మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు. డిసెంబర్‌లో బాగా దక్షిణానికి వాలతాడు. అప్పుడు ముప్పై అడుగుల చెట్టు నీడ మధ్యాహ్నం పూట కూడా ఉత్తరం వైపు పాతిక అడుగులకు పైగా పడుతుంది. ఆకుకూరలకు అసలైన కాలం చలికాలమే. కాబట్టి మడికి దక్షిణాన ఏ ఎత్తైన మొక్కా ఉండకూడదు. ఉంటే ఉత్తరపు చివర ఉండాలి.

ఇక్కడ మీకొక చిక్కు వస్తుంది. మీ ఇల్లు తూర్పు ముఖం కాబట్టి ఆ నేలకు ఉత్తరపు చివర అంటే ఈశాన్యం మూల. వాస్తు చూసుకునే ఇంట్లో అక్కడ చెట్టు పెట్టనివ్వరు. అలాంటప్పుడు రత్నగంధిని ఆగ్నేయం వైపు పెట్టి, ఆరడుగులు దాటకుండా కత్తిరించుకోండి. ఆరడుగుల మొక్క నీడ డిసెంబర్‌లో అయిదడుగుల చిల్లర పడుతుంది. ఆ అయిదడుగుల మేర పుదీనా, పొన్నగంటి వేసుకుంటే సరిపోతుంది, అవి కాస్త నీడను ఓర్చుకుంటాయి.

ఇక గోంగూర. విత్తనం తెచ్చే ముందు మట్టి చూడండి. కొత్త ఇల్లు కదా, మీ మట్టిలో ఇసుక, సిమెంటు పెళ్లలు, టైల్స్ ముక్కలు, పెయింటు డబ్బాలు కడిగిన నీళ్లు అన్నీ ఉంటాయి. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఆకులు పాలిపోతాయి, ఎంత ఎరువు వేసినా పచ్చబడవు. పైన అడుగు లోతు తీసి పారేయించి, మంచి ఎర్రమట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి నింపండి. పచ్చి పేడ వద్దు, చెదలు పడతాయి.

చెదలంటే గుర్తొచ్చింది. ఇది చాలామందికి తట్టదు కానీ నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే విషయం. ఇల్లు కట్టేటప్పుడు పునాది చుట్టూ చెదల మందు కొట్టించారా అని మీ మేస్త్రీని అడగండి. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు గోడ మొదట్లో మట్టిలోకి ఎక్కిస్తారు. చెదలు చాలా ఏళ్లు రాకూడదనే అది కొట్టేది, అంటే మట్టిలో చాలా కాలం ఉంటుందనే కదా. ఇంటి గోడను ఆనుకుని మూడడుగులు వదిలేసి ఆకుకూర మడి కట్టండి. ఆ మూడడుగుల్లో నడక దారి వేసుకోండి, లేదా క్రోటన్లు, నందివర్ధనం లాంటివి పెట్టుకోండి. పిల్లలు తినే ఆకు విషయంలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

మిగిలిన ఏడడుగుల వెడల్పులో ప్రహరీ వైపు నాలుగడుగుల మడి కట్టండి. అంతకంటే వెడల్పైతే చెయ్యి అందక మడిలో కాలు పెట్టాల్సి వస్తుంది, మట్టి గట్టిపడుతుంది. నేల కంటే అర అడుగు ఎత్తుగా ఉండాలి. నీళ్లు నిలిస్తే గోంగూరకు మొదలు కుళ్లు వస్తుంది. నిన్నటిదాకా నిగనిగలాడిన మొక్క ఇవాళ తల వాల్చేస్తుంది, పీకి చూస్తే మొదలు నల్లగా ఉంటుంది. దానికి మందు వెతకడం కంటే మడి ఎత్తు చేయడం మేలు.

నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఒక్క గోంగూరకు ఇస్తే మీ అయిదుగురి ఇంటికి వారానికోసారి పప్పుకో పచ్చడికో లోటుండదని నా అనుభవం. మిగతా ఇరవై అడుగుల్లో వేరే కూరలు.

రకాలు మీకు తెలిసినవే. ఎర్ర కాడది పులుపెక్కువ, పచ్చడికి బాగుంటుంది. తెల్ల కాడది పులుపు తక్కువ, పప్పుకు సరిపోతుంది. మీ పక్కనే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నార కోసం గోగు వేస్తారు. అదీ ఈ జాతిదే, ఆ మట్టికీ ఆ గాలికీ అలవాటైన పంట. కాబట్టి గోంగూర మీ దగ్గర పెరుగుతుందా లేదా అన్న టెన్షన్ అక్కర్లేదు.

ఎప్పుడు విత్తాలన్నదే దీనిలో కిటుకు. గోంగూర పగలు పొట్టిగా మారేటప్పుడు పూతకు వస్తుంది. మే చివర్లోనో జూన్ తొలకరికో విత్తితే నాలుగు నెలలు ఆకు పెడుతూనే ఉంటుంది. అదే అక్టోబర్‌లో విత్తితే మోకాలెత్తు కూడా రాకుండా మొగ్గలు పెట్టేస్తుంది. ఏటా దీపావళి దాటాక నాకు ఇదే ప్రశ్న వస్తుంది: విత్తనం నాసిరకం ఇచ్చారా, అడుగు మొక్కకే పూలు వచ్చేశాయేమిటి అని. విత్తనం తప్పు కాదు, పగటి పొడవు తక్కువైంది. చలికాలంలో గోంగూర కావాలంటే ఒత్తుగా చల్లి, పాతిక ముప్పై రోజులకు మొక్కలతో సహా పీకి వాడుకునేలా వేసుకోండి. రెండు వారాలకోసారి కాస్త చల్లుతూ పోతే తెగకుండా వస్తుంది.

జూన్ పంటకు మాత్రం గింజలు రాత్రంతా నానబెట్టి, అడుగు దూరంలో రెండేసి గింజలు పెట్టండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి. బలమైనదాన్ని ఉంచి రెండోది కూరలోకి పీకేయండి. మొక్క అడుగెత్తు రాగానే తల తుంచండి. చాలామందికి ఇక్కడ చెయ్యి రాదు, పాపం ఇప్పుడే కదా పెరుగుతోంది అని వదిలేస్తారు. వదిలేస్తే ఒకే కర్రగా ఆరడుగులు పోయి, కాడ ముదిరి, ఆకు పైన నాలుగు మాత్రమే మిగులుతుంది. తుంచితే పక్కల నుంచి నాలుగైదు కొమ్మలు వస్తాయి, అవన్నీ లేత ఆకే. పది పదిహేను రోజులకోసారి కోస్తుండండి, కోసిన ప్రతిసారీ మొదట్లో గుప్పెడు వర్మీకంపోస్ట్ వేసి నీళ్లు పెట్టండి. యూరియా వేస్తే ఆకు వెడల్పుగా నల్లగా వస్తుంది కానీ పురుగు కూడా దానితోపాటే వస్తుంది. ఇంట్లో తినే కూరకు ఆ అవసరం లేదు.

పురుగుల్లో రెండింటిని గమనించండి. ఆకుల నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే, దగ్గరికి వెళ్లగానే గెంతే చిన్న పెంకు పురుగులు ఉన్నట్టు. పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లండి, తగ్గకపోతే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి. రెండోది పిండినల్లి. చిగురు ముడుచుకుపోయి తెల్లటి దూది అంటినట్టు ఉంటే అదే. ఆ చిగురు తుంచి కవర్లో కట్టి పారేయండి, మొదట్లో చీమల బారు ఉంటే ముందు దాన్ని ఆపండి, ఎందుకంటే దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకెళ్లేది చీమలే.

దీనికే ఇంకో హెచ్చరిక: గోంగూర పక్కన మందార పెట్టకండి. మందార, గోంగూర, బెండ ఒకే కుటుంబం, పిండినల్లికి మూడూ ఇష్టమే. పూజకు మందార లేనిదే కుదరదంటే మేడ మీద కుండీలో పెట్టుకోండి. మందార నుంచి గోంగూరకు పాకిన పిండినల్లితో విసిగిపోయి, ఆకుకూరలే మానేసిన ఇళ్లు నాకు తెలుసు. ఒక చోట వేసిన గోంగూరను మరుసటి ఏడు అక్కడే వేయకుండా మడి మార్చడం కూడా మంచిది.

మిగతా కూరల గురించి క్లుప్తంగా. తోటకూరకు ఎండ ఎంతున్నా ఇష్టమే, నడివేసవిలో కూడా పాతిక రోజుల్లో కూర ఇస్తుంది. మీరు ఇప్పుడు, ఈ మే నెలలో మొదలుపెట్టదగ్గది అదే. బచ్చలి తీగను ప్రహరీ మీదికి పాకించండి, నేల ఖర్చు కాదు. పాలకూర, మెంతి, కొత్తిమీర అక్టోబర్ దాకా ఆగండి. వేసవిలో కొత్తిమీర వేస్తే చేరెడు ఆకు రాకముందే పూత పట్టేస్తుంది.

రత్నగంధి సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ వారు ఒప్పుకోవడం దాని మీదే ఉంది. పూవు ఆకారం, రేకుల అంచుల మడత, పొడుగాటి కేసరాలు, సన్నటి ఆకు అన్నీ తురాయిని తలపిస్తాయి. చిన్న తురాయి అని కూడా కొందరంటారు. విత్తనంతో వేసినా ఏడాది తిరగకముందే పూస్తుంది. తురాయి పూత కోసం నాలుగైదేళ్లకు తక్కువ కాకుండా ఎదురుచూడాలి. తురాయి ఏడాదిలో రెండు నెలలు పూస్తే ఇది దాదాపు ఏడాదంతా పూస్తుంది, సీతాకోకచిలుకలు వదలవు. ఎరుపు, పసుపు, గులాబీ రంగుల్లో దొరుకుతుంది. ఎర్రది అడిగి తీసుకోండి. కొమ్మలకు అక్కడక్కడా ముళ్లుంటాయి కాబట్టి నడిచే దారికి రెండడుగులు ఎడంగా నాటండి. కాయలు ఎండకముందే తుంచేస్తే పూత ఆగదు, పిల్లలు గింజలు నోట్లో పెట్టుకునే ప్రమాదమూ ఉండదు. ఏటా ఫిబ్రవరిలో నడుమెత్తుకు కత్తిరించండి.

కొంచెం చెట్టులా ఉండాలంటే పారిజాతం, దేవగన్నేరు కూడా ఆ చోటికి సరిపోతాయి. దేవగన్నేరు కొమ్మను విరిచి వారం రోజులు నీడలో ఆరబెట్టి నాటితే చాలు. పచ్చ గన్నేరు మాత్రం పిల్లలున్న ఇంట్లో వద్దు, దాని గింజ ప్రాణాంతకం. అందం ఇంకా కావాలంటే ఎర్ర గోంగూరలోనే నాలుగైదు మొక్కలు పూతకు వదిలేయండి. లేత రంగు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు కన్ను, ఆ తర్వాత నిగనిగలాడే ఎర్రటి కాయలు. వాటి పైనున్న ఎర్రటి తొడుగులతో పచ్చడి చేసుకోవచ్చు, మరుసటి ఏటికి విత్తనమూ మిగులుతుంది.

మీ వారికి నిజంగా తురాయే నాటాలని ఉంటే, నేను మనస్ఫూర్తిగా సాయం చేస్తాను. మీ లేఅవుట్‌లో పార్కు స్థలం ఉంటుంది, దగ్గర్లో బడి ఆవరణ ఉంటుంది. పై నుంచి తీగలు లేని, చుట్టూ పాతిక ముప్పై అడుగుల ఖాళీ ఉన్న చోటు చూసి, కాలనీ సంఘంతోనో బడి వాళ్లతోనో మాట్లాడి నాటించండి. మా మండలంలో ఒక బడి ఆటస్థలం అంచున తురాయి వరుస ఉంది. పరీక్షలయ్యే రోజులకు అవి పూతకొస్తాయి, పిల్లలు ఆ మొగ్గలు విప్పి కేసరాలతో కోడిపందేలు ఆడతారు. ఆ చెట్టు ఉండాల్సింది అలాంటి చోటే. గింజలు సేకరిస్తే మరిగి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి, లేకపోతే ఆ గట్టి పొట్టు పగలక నెలల తరబడి మొలవవు. మొదటి మూడేళ్లు ఆరేడడుగుల ఎత్తు దాకా పక్క కొమ్మలు తీసేస్తూ ఒకే మాను పెంచితే గాలికి విరగడం కొంత తగ్గుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి. గోంగూర, పాలకూర, చుక్కకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్లు వచ్చి ఉంటే ఎంత తినొచ్చో డాక్టరును అడగండి. ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతాయి.

ఉప్పు నీళ్ల సంగతి చివరికి మిగిలింది. పాలకూర ఉప్పును కొంత ఓర్చుకుంటుంది. గోంగూరకు మొలక దశలో మాత్రం బోరు నీళ్లు పోయకండి. మున్సిపాలిటీ నీళ్లు కానీ, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు కానీ వాడండి. మొక్క నిలదొక్కుకున్నాక బోరు నీళ్లు పెట్టినా, రోజూ కాసిని చిలకరించకుండా రెండు రోజులకోసారి మడి బాగా తడిసేలా పెట్టండి. పైపైన చిలకరిస్తే ఉప్పు అంతా వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. ఆకు అంచులు మాడుతుంటే ఉప్పు ఎక్కువైనట్టు. తొలకరి వానలు పడితే ఆ ఉప్పు కిందికి కడుక్కుపోతుంది కాబట్టి, ఈ నెలంతా మట్టి మార్పించి, మడి కట్టి, ఒక మూల తోటకూర చల్లి చూసుకోండి. మొదటి పెద్ద వాన పడిన వారంలో గోంగూర విత్తండి.